ఏరు దాటినా తెప్ప మరువని చదువు

కోనసీమవారికి ఏటిని గురించి కొత్తగా చెప్పవలసినదేమీ లేదు. గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రాన్ని ఆనుకొని ముక్కోణాకారంగా పరచుకొన్న ఈ సీమలో ఏ ఊరికి బయలుదేరినా ఒక పాయనో, కాలువనో దాటక తప్పదు. అందులోనూ ఐ. పోలవరం మరికొంత ప్రత్యేకమైనది. ఆ పేరుకు ముందున్న 'ఐ' అనే అక్షరం ఎవరి ఇంటిపేరూ కాదు. 'ఐలెండు' అనే ఇంగ్లీషు మాటకు పొడి అక్షరం. ఎగువన పాపికొండల చెంతనున్న పోలవరంతో పొరబడకుండా అది తోడ్పడుతున్నది. గౌతమికీ వృద్ధగౌతమికీ నడుమ ఏర్పడిన లంకభూమి ఇది. దీని పొలాలకు సాగునీరు సైతం అన్నంపల్లి వద్ద నదిమీద కట్టిన అక్విడక్టు మీదుగా ఏరు దాటి రావలసినదే.

నీటికే ఏరు దాటక తప్పనిచోట చదువుకు మాత్రం తప్పుతుందా? ఈ లంకలలో పుట్టిన పిల్లవాడు పెద్ద చదువు చదవాలంటే ఒకనాడు పంటు ఎక్కవలసి వచ్చేది. ఒడ్డున తల్లి నిలబడి ఉండేది. పిల్లవాడి పక్కన రేకుపెట్టె, చేతిలో అటుకుల మూట, పంచె కొంగున ముడివేసిన నాలుగు రూకలు. ఆ రూకలలో తండ్రి కొబ్బరికాయలు అమ్మిన సొమ్మెంతో, ఇరుగుపొరుగులు అప్పిచ్చినదెంతో, ఏ ధర్మాత్ముడో దానంగా ఇచ్చినదెంతో ఆ వయసులో వానికి తెలియదు. తెలిసిన రోజున వాడు విద్యార్థిగా కాక మనిషిగా పెద్దవాడవుతాడు.

మన పెద్దలు ఏటిని చూచి రెండు సామెతలు కట్టారు. 'ఏరు దాటి తెప్ప తగలవేసినట్లు' అన్నది ఒకటి. 'ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్య' అన్నది రెండవది. రెండింటిలోనూ హెచ్చరిక ఒక్కటే. గొప్ప విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన పల్లెటూరి విద్యార్థికి ఎదురయ్యే అసలైన పరీక్ష కూడా ఇదే. ప్రశ్నపత్రాలతో జరిగే పరీక్షకు గడువు మూడు గంటలు. ఈ పరీక్షకు గడువు జీవితమంతా. ఈ పరీక్షకు కూర్చున్న ఇద్దరు గోదావరీ తీరవాసుల కథలు మన విద్యార్థులకు ఎంతైనా స్మరణీయాలు.

ఆవలి ఒడ్డు

ఐ. పోలవరం నుండి ఎదుర్లంక మీదుగా గౌతమి దాటితే యానాం వస్తుంది. అక్కడి నుండి కాకినాడకు పోయే దారిలో కోరంగి ఉన్నది. నేడు మడ అడవులకు పేరుపొందిన ఈ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన గొప్ప రేవు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని చావుదెబ్బ తీశాయి. అయినా ఈ తీరపు జనానికి సముద్రంతోటి చుట్టరికం తెగలేదు. వేలాదిగా బర్మాకు వలసపోయారు. ఎంతగా అంటే రంగూనులో తెలుగు కూలీలకు 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడిపోయింది.

అలా రంగూను చేరినవారిలో మల్లాడి సత్యలింగం నాయకరుగారు ఒకరు. ఓడలకు సరుకు ఎగుమతి, దిగుమతి చేయించే కంట్రాక్టులతో ఆయన అపారమైన సంపద గడించారు. గడించినదానిని విద్యకూ ధర్మకార్యాలకూ వినియోగించే ఏర్పాటు చేశారు. కాకినాడలో ఆయన పేర వెలసిన ఎం.ఎస్.ఎన్. ధర్మనిధి ఆ ఏర్పాటు ఫలితమే. రేవులో మూటలు మోసిన తెలుగు కూలీల చెమటలో ఒక పాలు ఆ సొమ్ములో ఉన్నదని అనుకోవడం తప్పు కాదు. ఆ సొమ్ము మీది ఆశతోనే ఒక తెలుగు యువకుడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి బయలుదేరాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

రెండుసార్లు తప్పిన విద్యార్థి

సుబ్బారావుగారు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగం ముందుగానే విడవవలసి రావడంతో సంసారానికి ఇబ్బందులు తప్పలేదు. పదమూడేండ్ల వయసులో ఈ బాలుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడిద్దామని ఇల్లు విడిచి పారిపోయినట్లు చెప్పుకొంటారు. తల్లి వెంకమ్మగారు పట్టువిడువక మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. బడిలో కూర్చున్నంతమాత్రాన చదువు వచ్చిందా? మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు.

ఈ సంగతిని ఉపాధ్యాయులు తమ తరగతులలో ఒకసారి చెప్పడం మంచిది. పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాడు తల వంచుకొని గోడ పక్కన నిలబడే పిల్లలు ఏ ఊరి బడిలోనైనా ఉంటారు. జీవరసాయన శాస్త్రంలో నేడు ప్రపంచమంతా చదువుకొనే పేర్లలో ఒకటి అలా గోడ పక్కన నిలబడిన పిల్లవానిదే.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేనాడు ఆయన మనసు సన్న్యాసం వైపు మొగ్గింది. ఆ తరువాత వైద్యవిద్యే సేవామార్గమని ఎంచి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అప్పుడు ఖర్చులకు ఆదుకొన్నవారు కొందరు మిత్రులు, పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరిగారితో వివాహమైంది. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న రోజులు. సుబ్బారావుగారు ఖద్దరుతో కుట్టిన అంగరఖా ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది కంటగింపు అయింది. పరీక్షలు బాగా వ్రాసినప్పటికీ పూర్తి వైద్యపట్టమైన ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, అంతకు తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టమే చేతికి వచ్చింది. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు.

ఇంతకన్న పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. సంగ్రహణి జాతికి చెందిన 'స్ప్రూ' వ్యాధి ఆయన సోదరులను పొట్టన పెట్టుకొన్నది. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు అన్నదమ్ములు కన్నుమూశారు. వైద్యం చదివిన తాను పక్కనే ఉండి కూడా ఏమీ చేయలేకపోయాడు. ఆ నిస్సహాయతే ఆయనను ఉష్ణదేశ వ్యాధుల పరిశోధన వైపు, హార్వర్డు వైపు నడిపించింది. మామగారు కూర్చిన సొమ్ము కొంత, సత్యలింగం ధర్మనిధివారి సహాయపు వాగ్దానం కొంత వెంటబెట్టుకొని 1920 తరువాతి తొలి సంవత్సరాలలో ఆయన ఓడ ఎక్కారు. భార్యను పుట్టింట విడిచి వెళ్లారు. రెండు మూడేండ్లలో తిరిగి వస్తానన్నదే ఇంటివారి నమ్మకం.

రాత్రి వేళల హార్వర్డు

గొప్ప విశ్వవిద్యాలయాన్ని దూరం నుండి తలచుకొంటే ఎత్తైన గోపురాలు, పుస్తక భాండాగారాలు, ప్రపంచ ప్రఖ్యాతులైన ఆచార్యులు మనసులో మెదలుతారు. సుబ్బారావుగారికి మొట్టమొదట ఎదురైన హార్వర్డు వేరు. మన దేశపు వైద్యపట్టంతో అక్కడ జీతంగల వైద్యుడుగా పనిచేసే అర్హత లేదు. కడుపు నిండాలి, ఫీజు కట్టాలి. అందుచేత బోస్టను నగరంలోని పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం ఆ పనిలో భాగం. మద్రాసులో విద్యార్థులకు శరీరనిర్మాణం బోధించిన డాక్టరుగారు రాత్రి పాత్రలు కడిగి, పగలు బల్లముందు విద్యార్థిగా కూర్చున్నారు.

వర్ణభేదాలు, వృత్తిభేదాలు కరడుగట్టిన సమాజం నుండి వెళ్లిన యువకునికి ఈ అనుభవం సామాన్యమైనది కాదు. ఏ పనీ నీచం కాదని పుస్తకంలో చదవడం వేరు. తెల్లవారుజామున చేతులు కడుక్కొని ఆ చేతులతోనే ప్రయోగశాల తలుపు తెరవడం వేరు. హార్వర్డు ఆయనకు నేర్పిన తొలి పాఠం ఏ ఆచార్యుడూ చెప్పినది కాదు.

ఉష్ణదేశ వైద్యంలో డిప్లొమా పొందిన పిమ్మట ఆయన ఆచార్య ఆటో ఫోలిన్ అధిపతిగా ఉన్న జీవరసాయన శాఖలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి పని ఆరంభించారు. రక్తంలోను, మూత్రంలోను, కణజాలంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలవడం వారు చేపట్టిన సమస్య. చూడడానికి చిన్న సమస్య. కాని కొలత తెలియనిదే శాస్త్రం ఒక్క అడుగు వేయదు. వారు కనిపెట్టిన పద్ధతిలో భాస్వరంగల ద్రావణానికి మాలిబ్డినం లవణం చేర్చి, మరొక రసాయనంతో క్షయకరణం జరిపిస్తే చక్కని నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలిమ అంత చిక్కనవుతుంది. ఆ చిక్కదనాన్ని తెలిసిన ద్రావణంతో సరిపోల్చి పరిమాణం తేల్చవచ్చును. 1925లో ప్రకటించిన ఈ 'ఫిస్కే–సుబ్బారావు పద్ధతి'ని నేటికీ కళాశాలల ప్రయోగశాలల్లో విద్యార్థులు నేర్చుకొంటున్నారు.

కొలబద్ద చేతికి వచ్చినవానికి లోకం కొత్తగా కనిపిస్తుంది. కండరం ముడుచుకొనేటందుకు శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టుక వల్ల వస్తున్నదని ఆనాటి పండితుల అభిప్రాయం. కండరాలను గురించిన పరిశోధనలకే ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మేయర్‌హాఫ్ అనే మహాశాస్త్రజ్ఞులు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానం పొంది ఉన్నారు. అటువంటి తరుణంలో 1927లో ఫిస్కే, సుబ్బారావులు ఒక కొత్త సంగతిని లోకానికి వెల్లడించారు. కండరంలో క్రియాటినుతో కూడిన భాస్వర సమ్మేళనం ఒకటి ఉన్నది. కండరం పనిచేసేటప్పుడు అది విడిపోతుంది, విశ్రాంతి తీసుకొనేటప్పుడు తిరిగి ఏర్పడుతుంది. దీనితో పాత సిద్ధాంతం పునాదులు కదిలాయి. 1929లో జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని సైతం వీరు వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరం స్వతంత్రంగా అదే పదార్థాన్ని కనుగొన్నారు. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి నోట నలిగే ఏ.టి.పి. అనే మూడక్షరాల వెనుక భీమవరపు వాని రాత్రింబవళ్ల శ్రమ ఉన్నది.

1930లో హార్వర్డు ఆయనకు పిహెచ్.డి. పట్టమిచ్చింది. కాని శాశ్వతమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. మరి పదేండ్లు అక్కడే పనిచేసి, 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లిపోయారు. పేరు కోసం పోరాడినవారు కారు. సభలలో ముందువరుసకు రాలేదు. ఆయన సాధించిన వాటిలో పెక్కింటికి ఇతరుల పేర్లే ముందు వినిపిస్తాయి. మెట్రిక్యులేషను తప్పినప్పుడు కుంగక, ఏ.టి.పి.ని వేరుచేసినప్పుడు పొంగక నిలబడగలిగిన స్థితి హార్వర్డు ఇచ్చిన పట్టంకన్న విలువైనది.

తిరిగి రానివాని బాకీ

ఇంతవరకు బాగున్నది. కాని తెప్ప మాట ఏమిటి? సుబ్బారావుగారు స్వదేశానికి తిరిగి రాలేదు. రెండు మూడేండ్లు అనుకొన్న ఎడబాటు జీవితకాలపు ఎడబాటు అయింది. భార్య శేషగిరిగారు భర్తను మళ్లీ చూడనే లేదు. ఒక శాస్త్రజ్ఞుని కీర్తిని వ్రాసేటప్పుడు ఈ వాక్యాన్ని దాటవేసిపోవడం న్యాయం కాదు. పెద్ద చదువులకు ఖర్చు ఎవరెవరు ఎంతెంత పెట్టారో లెక్క వ్రాస్తే, మామగారి పద్దు రూపాయలలో తేలుతుంది. ధర్మనిధి పద్దు రూపాయలలో తేలుతుంది. ఆ ఇల్లాలి పద్దు ఏ నాణెంలోనూ తేలదు. ఆమెకు ఆ బాకీ తీరిందని ఎవరూ అనజాలరు.

అయితే ఆయన ఏటి ఒడ్డును మరచినవాడా అంటే కాదనడానికి ఆయన చేసిన పనులే సాక్ష్యం. 1945లో ఆయన నాయకత్వాన ఉన్న బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేయగలిగింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి పనిచేసే మందు అది. రెండు దశాబ్దాలకు పైగా ఆ చావులను మనసులో మోసినవానికి మాత్రమే ఆ విజయపు రుచి తెలుస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనిని అడ్డుకొనే మందులను కూడా ఆ ప్రయోగశాల తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరినుతో బోస్టనులోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు కేన్సరుతో బాధపడే పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలు ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేటు నేటికీ కేన్సరుకూ కీళ్లవాతానికీ వాడుకలో ఉన్నది. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిను కూడా సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా ఉన్న రోజులలో వెలువడినదే.

వీటన్నిటిలో గోదావరి డెల్టాకు మిక్కిలి దగ్గరైనది మరొకటి. బోదకాలు ఈ ప్రాంతానికి కొత్త వ్యాధి కాదు. కాలువలు, గుంటలు, నిలువనీరు, దోమలు ఉన్నచోట అది తరతరాలుగా వేళ్లూనుకొన్నది. ఉబ్బిన కాలితో పొలం గట్టున నడిచే రైతునూ, పెండ్లి కుదరక ఇంటిలో ఉండిపోయిన ఆడపడుచునూ ఎరుగని ఊరు ఒకప్పుడు ఇక్కడ అరుదు. ఆ వ్యాధికి మూలమైన సూక్ష్మక్రిములపై పనిచేసే 'హెట్రజాన్' అనే మందు 1947లో లెడర్లీ ప్రయోగశాలలలో సుబ్బారావుగారి ఆధ్వర్యవంలో సిద్ధమైంది. మన దేశంలో 1955లో బోదకాలు నివారణ కార్యక్రమం ఆరంభమైంది. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఇంటింటా పంచిపెట్టిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. తూర్పుగోదావరి ఆ జిల్లాలలో ఒకటి. మనిషి తిరిగి రాలేదు. మాత్ర మాత్రం వచ్చి గుమ్మంలో నిలిచింది. మింగినవారిలో దాని వెనుకనున్న తెలుగువాని పేరు తెలిసినవారు ఎందరో చెప్పడం కష్టం.

1948 ఆగస్టులో యాభైమూడేండ్ల వయసులో సుబ్బారావుగారు పెర్ల్ రివర్‌లోనే కన్నుమూశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారతప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలాబిళ్ల వెలువరించింది.

తిరిగి వచ్చినవాని బాట

ఇక రెండవ కథ సాక్షాత్తు ఈ లంకదే. ఐ. పోలవరం మండలంలోని ఎదుర్లంకలో 1951వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన గంటి మోహనచంద్ర బాలయోగిగారు జన్మించారు. గౌతమి ఒడ్డున సామాన్యమైన వ్యవసాయ కుటుంబం. ఊళ్లో చదువుకు తగిన వసతి లేక గురజనాపల్లి బడికి వెళ్లారు. ఆ పైన కాకినాడలో చదివారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండి న్యాయశాస్త్ర పట్టం పొందారు.

ఆంధ్రదేశపు పిల్లలు పెద్ద చదువుకు మద్రాసు పోనక్కరలేకుండా 1926లో ఏర్పడిన సంస్థ అది. తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు స్వయంగా కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు. తరువాత ఆ పదవి చేపట్టినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. అక్కడ పుచ్చుకొన్న పట్టంతో బాలయోగిగారు పెద్ద నగరాలకు పోలేదు; 1980లో కాకినాడలో న్యాయవాదిగా నిలబడ్డారు. 1985లో మొదటి తరగతి మేజిస్ట్రేటు పదవి లభించినా త్వరలోనే దానిని వదులుకొని మళ్లీ న్యాయవాద వృత్తికే వచ్చారు. మొదటి తరం చదువరికి సర్కారు కొలువు ఎంతటి ఆకర్షణో తెలిసినవారికి ఆ నిర్ణయంలోని ధైర్యం తెలుస్తుంది. 1987లో జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షులైనారు. 1991లో లోక్‌సభకు ఎన్నికైనారు. 1996లో ఓడిపోయి, ముమ్మిడివరం నుండి శాసనసభకు వచ్చి ఉన్నత విద్యాశాఖ మంత్రి అయినారు. బడి కోసం ఊరు విడిచిన బాలుడే రాష్ట్రపు కళాశాలల బాధ్యత చేపట్టడం కాలం చేసిన వింత.

1998 మార్చి 24వ తేదీన ఆయన లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైనారు. ఆ పీఠాన్ని అధిష్ఠించిన మొదటి దళితుడు ఆయన. 1999 ఏప్రిల్ 17వ తేదీన ఒకే ఒక్క ఓటు తేడాతో కేంద్రప్రభుత్వం పడిపోయినప్పుడు ఆ సభకు అధ్యక్షత వహించినది ఈ ఎదుర్లంక వాసియే. 2002 మార్చి 3వ తేదీన కైకలూరు సమీపంలో హెలికాప్టరు కూలి ఆయన దుర్మరణం పాలయ్యారు. ఎదుర్లంకకూ యానానికీ నడుమ గౌతమిపై కట్టిన వారధి అదే సంవత్సరం వాడుకలోకి వచ్చింది. దానికి ఆయన పేరే పెట్టారు.

ఒకరు తిరిగి రాలేదు, ఒకరు తిరిగి వచ్చారు. ఒకరు ప్రయోగశాలలో మాత్ర తయారుచేసి పంపారు, ఒకరు పంటు రేవు దగ్గర వారధికి పేరై నిలిచారు. ఇందులో ఎవరిది గొప్ప అన్న తర్కం నిష్ప్రయోజనం. విదేశాలకు పోయిన ప్రతి విద్యార్థినీ ద్రోహి అనడం ఎంత తప్పో, ఊళ్లో ఉండిపోయిన ప్రతివానినీ త్యాగి అనడం అంతే తప్పు. ఎక్కడ ఉన్నావన్నది కాదు, ఎవరి సొమ్ముతో చదివావో గుర్తున్నదా అన్నది ప్రశ్న. ఆ గుర్తు ఉన్నవాడు పెర్ల్ రివర్‌లో ఉన్నా గోదావరి ఒడ్డునే ఉన్నట్లు. అది లేనివాడు అమలాపురంలో ఉన్నా ఏ ఒడ్డుకూ చెందనట్లు.

నేడు ఐ. పోలవరం పిల్లలు బస్సులో కూర్చుని కొద్ది నిమిషాలలో గౌతమి దాటుతున్నారు. కాకినాడ, విశాఖ, హైదరాబాదు, ఆపైన సముద్రాల ఆవలి విశ్వవిద్యాలయాలు వారికి ఒకనాటి కన్న చాలా దగ్గర. పంటు మీద దాటేటప్పుడు ఏరు ఎంత వెడల్పో, తెడ్డు వేసేవాని భుజాలు ఎంత నొచ్చుతాయో కంటికి కనిపించేది. వంతెన మీద ఆ సంగతి తెలియదు. తెలియజెప్పవలసిన బాధ్యత ఇప్పుడు బడిపంతులుగారిది. ఎప్పుడైనా ఒక సాయంకాలం పిల్లలను ఆ వారధి దగ్గరకు తీసుకొనిపోయి, కింద నీటిని చూపించి, ఈ రెండు కథలూ చెబితే చాలు. ఏ పిల్లవాని పెట్టెలో ఎవరి రూపాయి ఉన్నదో ఆ రాత్రి ఇంటికి పోయి వాడే అమ్మను అడుగుతాడు.